మోకాలు మొరాయించాక

2001లో బర్మింగ్‌హామ్ ఊరు రెండు వారాలు తిరక్కుండా రెండు వింతలు చూసింది. ఫిబ్రవరి 28న విల్లా పార్క్ మైదానంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు స్పెయిన్‌ను 3-0తో ఓడించింది. ఆ జట్టు కోచ్‌గా స్వెన్ గోరన్ ఎరిక్సన్‌కు అదే తొలి మ్యాచ్. ఇంగ్లండ్ తన జట్టును పరాయి దేశస్థుడి చేతిలో పెట్టడమూ అదే మొదలు. మార్చి 11న అదే ఊళ్లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్ జరిగింది. ఇంకొల్లు పక్కన నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో మట్టి కరిపించాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక 21 ఏళ్లకు ఆ కప్పు మళ్లీ మనవాడి చేతికొచ్చింది.

ఒకడిది స్వీడన్, ఇంకొకడిది నల్లరేగడి నేల. ఇద్దరికీ చుట్టరికం మోకాలి దగ్గర కలుస్తుంది. ఎరిక్సన్ ఆడే రోజుల్లో రైట్ బ్యాక్, అంటే కుడివైపు కాపలా కాసే డిఫెండర్. పెద్ద పేరేమీ లేదు. చిన్న క్లబ్బుల్లోనే ఆడాడు. 27వ ఏట మోకాలి దెబ్బతో బూట్లు విప్పేశాడు. డెగెర్‌ఫోర్స్ అనే చిన్న క్లబ్బులో కోచింగ్ మొదలెట్టి, 1982లో గోథెన్‌బర్గ్ జట్టుకు యూఫా కప్ తెచ్చిపెట్టాడు. స్వీడన్ క్లబ్బు యూరప్ కప్పు గెలవడం అదే తొలిసారి. 2000లో ఇటలీ లీగ్‌లో లాజియోను విజేతగా నిలబెట్టాడు. 2024 ఆగస్టు 26న 76వ ఏట కన్నుమూశాడు. ఆటగాడిగా ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు స్వీడన్‌లోనే తక్కువ.

గోపీచంద్ మోకాలికి దెబ్బ ముందే తగిలింది. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఎడమ మోకాలి లిగమెంట్లు తెగాయి. ఆపరేషన్లు ఒకదాని మీద ఒకటి. ఆ కాలితోనే 1996 నుంచి 2000 దాకా వరసగా అయిదేళ్లు జాతీయ చాంపియన్ అయ్యాడు. బర్మింగ్‌హామ్ సెమీస్‌లో డెన్మార్క్ దిగ్గజం పీటర్ గేడ్‌ను 17-14, 17-15తో ఓడించిందీ ఆ కాలితోనే. అప్పట్లో సర్వీస్ చేసేవాడికే పాయింటు. ఒక్కో పాయింటుకు ఎంతసేపు పరిగెత్తాల్సి వచ్చేదో పాత ఆట చూసినవాళ్లకే తెలుసు.

ఒక ఊరు, మూడు జిల్లాలు

నాగండ్ల ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారాయి. 1970 దాకా అది గుంటూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1973 నవంబరు 16న గోపీచంద్ పుట్టేటప్పటికి ఊరు ప్రకాశం జిల్లా. 2022లో బాపట్ల జిల్లా వచ్చాక అందులో చేరింది. కాబట్టి మావాడంటే మావాడని మూడు జిల్లాలూ చెప్పుకోవచ్చు. పంచాయితీ అక్కర్లేదు.

పత్తి, మిరప, శనగ పండే ఈ మైదానంలో సాయంత్రమైతే గాలి ఊరుకోదు. షటిల్ కాక్ బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూ. ఆరుబయట ఆడితే మీరు కొట్టిన చోటికి కాదు, గాలి తోసిన చోటికి వెళ్తుంది. అందుకే పల్లెల్లో వేళ్లూనుకున్నది బాల్ బ్యాడ్మింటన్. పసుప్పచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, సున్నంతో గీసిన గీతలు. ఈ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్న జమ్మలమడక పిచ్చయ్య మన తెలుగువారే. నూరేళ్లు దాటి బతికారు. షటిల్ ఆడాలంటే నాలుగు గోడలు, పైకప్పు కావాలి. అవి పల్లెలో లేవు. గోపీచంద్ ఆట కూడా హైదరాబాద్‌లోనే మొదలైంది, అదీ క్రికెట్ మోజు తీరక. అన్న రాజశేఖర్‌ది, తనదీ ఒకే ఆట. అన్నకు ఐఐటీ సీటొచ్చి రాకెట్ పక్కన పెట్టాడు. తనకు ఇంజినీరింగ్ సీటు రాలేదు. ఎంట్రన్స్ తప్పడమే తన అదృష్టమని గోపీచంద్ నవ్వుతూ చెబుతుంటాడు. ఇంటర్ పిల్లలున్న గుంటూరు ఇళ్లలో ఈ సంగతి పెద్దగా ప్రచారంలో లేదు, ఎందుకో మరి.

వద్దనే మాస్టారు

డిఫెండర్ పని ఎదుటివాణ్ని అడ్డుకోవడం. గోపీచంద్ డిఫెండర్ కాకపోయినా, కోచ్‌గా ఆయన చేసిన పనుల్లో సగం అడ్డు చెప్పడమేనని నాకనిపిస్తుంది. మొదట తనకే చెప్పుకున్నాడు. ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన ఇస్తామంటే కాదన్నాడు. తాను తాగనిదాన్ని పిల్లలకు తాగమని ఎలా చెప్పనన్నాడు. ఆ తర్వాత తన బ్యాడ్మింటన్ అకాడమీకి డబ్బు చాలక ఇల్లు తాకట్టు పెట్టిందీ ఆయనే. గచ్చిబౌలిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 5 ఎకరాలిచ్చింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు. 2008లో తలుపులు తెరిచారు. తెల్లవారుజామున నాలుగున్నరకే కోర్టులో దీపాలు వెలుగుతాయి.

శిష్యురాలు పి.వి. సింధుకు చెప్పిన ‘వద్దు’ దేశమంతా విన్నది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఫోన్ లేదు. ఐస్‌క్రీమ్ లేదు, తీపి పెరుగూ లేదు. ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతం తెచ్చాక, ఇక ఫోన్ ఇచ్చేస్తానని, ఐస్‌క్రీమ్ తినొచ్చని గురువు విలేఖరుల ముందే ప్రకటించాడు. అయిదు నిమిషాలకోసారి ఫోన్ చూసుకునే మనబోటివాళ్లకి ఆ మూడు నెలలే అసలు రికార్డు.

ఇక టోక్యో సంగతి. కోచ్‌లకు దొరికే స్థానాలు తక్కువ. షట్లర్ సాయి ప్రణీత్‌కు నేర్పుతున్న ఇండోనేషియా కోచ్‌కు చోటు దక్కాలని, చీఫ్ కోచ్ అయిన తాను ఒలింపిక్స్‌కు వెళ్లడమే మానుకున్నాడు.

అందరికీ ఆయన నచ్చాడని కాదు. సొంత అకాడమీ నడుపుతూ జాతీయ చీఫ్ కోచ్‌గా ఉండటం ఏం సబబని, డబుల్స్ వాళ్లను చిన్నచూపు చూశారని డబుల్స్ క్రీడాకారిణి జ్వాలా గుత్తా బహిరంగంగానే విరుచుకుపడ్డారు. ఆ మాటల్లో తీసేయదగినవి తక్కువే. ఆయన శిష్యురాలు సైనా నెహ్వాల్ 2014లో ఆయన్ని వదిలి బెంగళూరుకు మకాం మార్చి, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయి, 2017లో తిరిగి హైదరాబాద్ వచ్చింది.

గుంటూరు కుర్రాడు

కిడాంబి శ్రీకాంత్ పుట్టింది అప్పటి తూర్పు గోదావరి జిల్లా రావులపాలెంలో, ఇల్లు గుంటూరు. అన్న నందగోపాల్ కూడా షట్లరే. శ్రీకాంత్ డబుల్స్ ఆడుకుంటూ ఉంటే, నువ్వు సింగిల్స్ ఆడాలని మార్చింది గోపీచంద్. 2014 జులైలో శ్రీకాంత్ అకాడమీ బాత్రూమ్‌లో స్పృహతప్పి పడిపోయాడు. మెనింజైటిస్. ఆస్పత్రి, ఐసీయూ. నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో చైనా ఆటగాడు లిన్ డాన్‌ను, అదీ వాళ్ల గడ్డ మీదే, 21-19, 21-17తో ఓడించాడు. మధ్యలో నాలుగు నెలలే. 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. 2021లో స్పెయిన్‌లోని హ్యుయెల్వాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చేరిన తొలి భారత పురుషుడు. అక్కడ రజతంతో సరిపెట్టుకున్నాడు. 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. 14 సార్లు గెలిచిన ఇండోనేషియా మీద మూడో మ్యాచ్‌లో జొనాథన్ క్రిస్టీని ఓడించి 3-0తో లెక్క ముగించిందీ అతనే. భారత్ ఆ కప్పు గెలవడం అదే మొదటిసారి. ఆ రాత్రి గుంటూరు మిర్చి ఘాటు గురించి పత్రికల్లో రాయని విలేఖరి లేడనుకుంటా.

ఇదే గుంటూరు నుంచి చదరంగంలోనూ ఒకరున్నారు. పెంటేల హరికృష్ణ 1986లో పుట్టాడు, 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాక, తెర వెనక ఎత్తులు సిద్ధం చేసిన తన బృందం పేర్లు బయటపెట్టాడు. అందులో హరికృష్ణ పేరుంది. తానింకా ఆడుతూనే ఇంకొకడికి ఎత్తులు అందివ్వడం చిన్న విషయం కాదు.

అసలు సిసలు డిఫెండర్

ఫుట్‌బాల్ డిఫెండరే కావాలంటే హైదరాబాద్ వెళ్లాలి. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత కెప్టెన్. ఆ జట్టు కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే ఆఖరి పతకం. తర్వాత కోచ్ అయి కోల్‌కతా పెద్ద క్లబ్బుల్నీ, జాతీయ జట్టునూ నడిపారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డుల 1990 జాబితాలో ఆయన పేరు పక్కనే సచిన్ గురువు రమాకాంత్ ఆచ్రేకర్ ఉన్నారు, వాలీబాల్ కోచ్ అరికపూడి రమణారావు ఉన్నారు. ఒకే ఏడు ఇద్దరు తెలుగు నేల గురువులు! నయీముద్దీన్ కంటే ముందు తరం గురువు రహీం సాబ్. వృత్తి బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చారు. 

గోపీచంద్‌కు అర్జున, ఖేల్‌రత్న, 2009లో ద్రోణాచార్య, 2014లో పద్మభూషణ్ వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో మాత్రం ఆయన ఒక మాట అని కలకలం రేపాడు. డబ్బున్న కుటుంబం కాకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని మధ్యతరగతి తల్లిదండ్రులకు సలహా ఇచ్చాడు. ఆట మానేశాక ఆటగాళ్లకు బతుకుతెరువు దొరకడం లేదన్నది ఆయన బాధ. ఇంటికొచ్చేసరికి ఆ ‘వద్దు’ చెల్లినట్టు లేదు. కూతురు గాయత్రి, ట్రీసా జాలీతో జోడీ కట్టి 2022లో, 2023లో ఆల్ ఇంగ్లండ్ సెమీస్ ఆడింది. అదీ డబుల్స్‌లో!