వేటకు క్రాస్‌బో కొనదలచినవారికి

ఆన్‌లైన్ అంగళ్ళలో క్రాస్‌బో సులువుగా కనిపిస్తున్నందున, పండుగకు హచ్చొళ్ళి వైపు వెళ్ళేటప్పుడు ఒకటి కొనుక్కుపోతే చేలగట్లపై కుందేలునో అడవిపందినో కొట్టవచ్చునని నగరవాసులలో కొందరికి తోచవచ్చును. ఏది మేలైనదన్న ప్రశ్నకు ముందే తేలవలసిన విషయం ఒకటున్నది. మన దేశంలో ఆ వేట, ఆయుధమేదైనా, నేరమే.

క్రాస్‌బో అనగా తుపాకి కర్రవంటి దిమ్మెకు అడ్డంగా బిగించిన విల్లు. నారిని లాగి కొక్కేనికి తగిలిస్తే అలాగే నిలుస్తుంది. మీట నొక్కగానే పొట్టి బాణం దూసుకుపోతుంది. మామూలు వింటిని గురి కుదిరేవరకు చేతిబలంతో పట్టి ఉంచవలెను. ఇందులో ఆ శ్రమ లేదు, కనుకనే కొత్తవాని చేతిలో మరింత ప్రమాదం. అమెరికాలో జింకల వేటకు వాడేవాటి లాగుడు బలం సాధారణంగా 150 పౌండ్లు, అంతకు పైన. అక్కడ కూడా లైసెన్సు, వేటకాలపు నియమాలు ఉన్నాయి. బ్రిటన్‌లోనైతే 1981 నాటి చట్టం వన్యమృగాలపై విల్లును, క్రాస్‌బోను నిషేధించింది. అమ్మకపు ప్రకటనలోని ‘హంటింగ్’ అన్న మాటను చూచి ఇక్కడ మోసపోరాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సులిచ్చేది. 1991 సవరణతో అవి రద్దయినాయి. చంపడమే కాదు, ఉచ్చు పన్నడం, తరమడం, ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. మొదటి షెడ్యూలు ప్రాణిని వేటాడితే 3 నుండి 7 సంవత్సరాల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. వాడిన ఆయుధం, వాహనం ప్రభుత్వపరమవుతాయి. ఊరినుండి ఎవరో పంపిన అడవిమాంసాన్ని ఇంట ఉంచుకొన్నవారు కూడా దోషులే. ఆచారమన్న వాదన నిలువదు. అహోబిలంలో కనుమనాడు స్వామి పారువేటకు బయలుదేరడం ఉత్సవమే గాని జంతువధ కాదు.

హచ్చొళ్ళి ఉన్న సిరుగుప్ప తాలూకాకు ఈ నిషేధం మరింత ముఖ్యం. కర్ణాటకలో బట్టమేకపిట్ట ఇంకా కనిపించిన అరుదైన తావులలో ఇక్కడి నల్లరేగడి బయళ్ళు ఒకటి. సాధారణంగా ఏడాదికొక్క గుడ్డు, అదీ నేలమీదనే పెట్టే పక్షి ఇది. ఒక్కటి పోయినా ఆ లోటు పూడదు. సరిహద్దుకు ఆవల, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం 1988లో వెలసినది ఈ పిట్ట కోసమే. ఈ పిట్టా, కృష్ణజింకా రెండూ మొదటి షెడ్యూలులోనివే.

అడవిపందులు పంట తొక్కిన రైతు గోడు వేరు, అది నిజమైనదే. అయినా విల్లు పట్టడం పరిష్కారం కాదు. పంటకు హాని చేసే రెండవ షెడ్యూలు జంతువును తొలగించడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు తెలుపుతూ వ్రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చును. నష్టపోయిన చేనిని ఫోటో తీసి, పహణీతో అటవీశాఖ రేంజ్ కార్యాలయంలో అర్జీ పెట్టుకొనవలెను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకై చేసినది నేరం కాదు. అయితే చచ్చిన జంతువు ప్రభుత్వ సొత్తే.

వింటిపై మక్కువ గలవారికి క్రీడ ఉన్నది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆ పోటీలో లక్ష్యం 50 మీటర్లు, రికర్వ్‌లో 70. నేర్చుకొనేవారు తేలిక లాగుడు గల రికర్వ్‌తో, శిక్షకుని ఎదుట ఆరంభించడం మంచిది. బాణం లేకుండా నారిని మాత్రం ఎన్నడూ విడువరాదు. ఆ అదురుకు వింటి కొమ్ములు విరిగిపోగలవు.