ఎర్రని చుక్కే చల్లనిది

గత శీతాకాలంలో ఒకనాడు ఇషా నమాజు ముగిసిన పిదప నారాయణఖేడ్‌లో కరెంటు పోయింది. విద్యార్థులను వెంటబెట్టుకొని మదరసా డాబాపైకి వెళ్ళాను. తూర్పున జౌజా నక్షత్రరాశి స్పష్టంగా కనిపిస్తోంది. అందులో ఉత్తరాన ఎర్రగా మెరిసేది బీటెల్‌జూస్. మన రైతులు ఆరుద్ర అంటారు. దక్షిణాన నీలితెలుపు రంగులో ఉన్నది రీజెల్. ఆ పేరు అరబీలోని ‘రిజ్ల్’, అంటే పాదం.

“హజ్రత్, ఈ రెండింటిలో ఏది ఎక్కువ వేడి?” అని ఒక బాలుడు అడిగాడు. నిప్పుకణిక మనసులో మెదిలి, “ఎర్రనిదే” అన్నాను. అతడు కాసేపు సందేహించి, “మా అబ్బా కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది హజ్రత్, ఇంకా కాలిస్తే పసుపు, ఆ తరువాత తెలుపు” అన్నాడు. ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను. పొరపాటు నాదే.

రీజెల్ ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 12,000 కెల్విన్లు. బీటెల్‌జూస్‌ది సుమారు 3,500. తేడా మూడున్నర రెట్లే గదా అనుకోరాదు. వేడి రెట్టింపైతే, ఉపరితలంలోని ప్రతి చదరపు గజం నుండి వెలువడే శక్తి రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. 1879లో ఆస్ట్రియా శాస్త్రవేత్త యోసెఫ్ స్టెఫాన్ ప్రయోగఫలితాల నుండి ఈ నియమాన్ని గ్రహించాడు. దానికి సిద్ధాంతపరమైన నిరూపణను 1884లో ఆయన శిష్యుడు బోల్ట్జ్‌మన్ సమకూర్చాడు. (గురువు చెప్పినదానికి శిష్యుడు ఆధారం చూపడం మంచిదే, మా మదరసాలో జరిగింది వేరు.) ఆ లెక్కన గజానికి గజం పోల్చితే రీజెల్ వెలువరించే శక్తి 130 రెట్లకు పైమాటే.

మరునాడు తరగతిలో అందరి ఎదుట నా జవాబును సవరించుకున్నాను. వెంటనే అతడే మళ్ళీ, “చల్లనిదైతే అంత ప్రకాశమెలా?” అన్నాడు. కారణం పరిమాణం. బీటెల్‌జూస్ వ్యాసం సూర్యుని వ్యాసానికి కొన్ని వందల రెట్లు. గజానికి సూర్యునికన్నా తక్కువే ఇచ్చినా, గజాలు లెక్కకు మించినవి గనుక మొత్తం శక్తి సూర్యుని శక్తికి పదివేల రెట్లు దాటుతుంది.

చేరలేని చుక్క వేడిని దాని కాంతిలోని రంగుల పాళ్ళను బట్టి కొలుస్తారు. మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల ఆకాశపటం కోసం తారలను ఛాయాచిత్రాలు తీసింది. ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినితో నక్షత్రకాంతిని కొలిచారు.

ఖుర్ఆన్‌లోని నజ్మ్ సూరాలో పేరు వచ్చే షిఅరా, అంటే సిరియస్, లెక్కను విద్యార్థులకే అప్పగించాను. ఉష్ణోగ్రత సుమారు 9,900 కెల్విన్లు, సూర్యునిది 5,800. వ్యాసం సూర్యునికి 1.7 రెట్లు. గజానికి ఎనిమిదిన్నర రెట్లు, వైశాల్యం దాదాపు మూడు రెట్లు, మొత్తం సుమారు 25 రెట్లు. బోర్డుపై ఆ లెక్కను ముందుగా పూర్తిచేసింది కొలిమి ఇంటి పిల్లవాడే.