ఒంటరిగా నెగురు బిడ్డలు

మా జహీరాబాదునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, బీదరులో, వాయుసేనవారి శిక్షణకేంద్రము కలదు. విమానపు రొద వినవచ్చినప్పుడెల్ల పిల్లలు వాకిటికి బరువెత్తి చప్పట్లు చఱతురు. తల్లులమగు మాకు మాత్రము, లోపల నున్న దెవరి బిడ్డయో యను తలంపు కలుగును.

సోదరీమణులారా, ఈ తలంపు ఊరక కలిగినది కాదు. 2019వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన వికారాబాదు జిల్లా బంట్వారము మండలమందలి సుల్తాన్‌పూరు పొలములలో నొక శిక్షణవిమానము కూలి, యువకు డొకడును యువతి యొకతెయు నసువులు బాసిరి. 2022 ఫిబ్రవరి 26వ తేదీన నాగార్జునసాగరమునుండి బయలుదేరిన సెస్నా 152 విమానము నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున తుంగతుర్తి యొద్ద కూలినది. అందున్నది యొక్క యువతియే. ప్రక్కన గురువు లేక యొంటరిగా నెగిరిన యామె తిరిగి రాలేదు.

ఒంటరిగా నేల పంపవలెనని మీరడుగవచ్చును. మొదట శిష్యులు గురువుతో గూడి యెగురుదురు. ఇరువురి ముందును చోదకసాధనము లుండును. శిష్యుడు తప్పిన గురువు దిద్దును. సంపాతి తన తమ్ముడగు జటాయువును సూర్యతాపమునుండి ఱెక్కలు కప్పి కాచిన కథ మన మెఱిగినదే. గురువు పనియు నట్టిదే. నమ్మకము కుదిరినపిమ్మట గురువు దిగిపోయి శిష్యుని నొంటరిగా పంపును. ఆనాడు ఱెక్కల నీడ యుండదు. అయినను దీనిని తప్పించుకొన వీలులేదు. మన దేశమున వృత్తిచోదకుల యనుమతిపత్రమునకు 200 గంటల యానము వలయును; అందు 100 గంటలు తానే బాధ్యత వహించి నడపవలయును.

ఇక శిక్షణయందు సామాన్యముగ నుండు నపాయములను చెప్పెదము. ఱెక్కలపై ప్రసరించు గాలియే విమానమును నిలుపును. వేగము తగ్గి ముక్కు మితిమీఱి పైకెత్తినచో ఱెక్క పట్టు తప్పి విమానము క్రుంగును. మిక్కిలి యెత్తున నున్నయెడల ముక్కు వంచి, వేగము తెచ్చుకొని, తేరుకొనవచ్చును. నేలకు దగ్గఱ నున్నయెడల నంత వ్యవధి దొరకదు. మబ్బులో చొచ్చిన యనుభవహీనులకు మీదేదో క్రిందేదో తెలియక, తమ శరీరమే తమ్ము మోసగించును.

ఇటీవల మావారి శిష్యురాలొకతె విమానచోదకురాలు కావలెనని పట్టుపట్టగా, ఆమె తల్లి మాయొద్దకు వచ్చి, "అక్కా, పంపమందువా, మానుమందువా?" అని కన్నీరు పెట్టుకొన్నది. వీధిలోనివారు "ఆడపిల్లకు విమాన మేల?" అనుచున్నారట. సుల్తాన్‌పూరున పోయినవారిలో మగపిల్లవాడును గలడు. మగవారికి విమానమేల యని యెవ్వరును అడుగలేదు. సరళా ఠక్రాల్ 1936లోనే చీర కట్టుకొని విమానము నడపెను. 1947లో అనుమతిపత్రము పొందిన ప్రేమ్ మాథుర్ మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ విమానములను నడపెను. నేడు భారతదేశపు విమానచోదకులలో నూటికి సుమారు 15 మంది స్త్రీలే.

అయినను భయపడకుమని యా తల్లికి మేము చెప్పలేదు. ఆ భయమును ప్రశ్నలుగ మార్చుకొమ్మంటిమి. ఆ పాఠశాలకు ప్రభుత్వ విమానయానశాఖ యనుమతి కలదా? విమానముల మరమ్మతులు ఎవరు, ఎన్నాళ్లకొకసారి చూతురు? వాతావరణము చూచి యెగురరాదని నిర్ణయించు వారెవరు? "నేడు నాకు ఒంట్లో బాగులేదు, ఎగురను" అని శిష్యురాలు చెప్పినచో మన్నింతురా? ఈ కడపటి మాటను బిడ్డకును నేర్పవలయును. వెనుదీయుట సిగ్గు కాదని తల్లి నోట విన్న బిడ్డ మొగమాటమునకు లోబడి యెగురదు.

ప్రమాదముల విచారణకై 2012లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక కార్యాలయమును నెలకొల్పినది. దోషిని శిక్షించుట దాని పని కాదు; మరల నట్టిది జరుగకుండ చూచుటయే దాని యుద్దేశము. పోయిన బిడ్డలకు మనము చేయదగిన ఋణమును నదియే.

ఆ తల్లి యింకను నిశ్చయింపలేదు. మా ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని, మడిచి కొంగున ముడివైచికొని పోయినది.