స్టేషన్ దగ్గర ఇల్లు, అదుపులో బాడుగ

మదనపల్లె, వాల్మీకిపురం, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి ఉద్యోగం కోసం వలసపోయేవారిలో చాలామందికి మొదటి మజిలీ బెంగళూరు. అక్కడ ఇల్లు వెతికేటప్పుడు ముందుగా అడిగేది నెల బాడుగ ఎంతని. కానీ ఆ అంకె ఒక్క ఏడాదికే. ఆ పైన ఏటా ఎంత పెరుగుతుంది, పనికి పోయి రావడానికి రోజూ ఎంత డబ్బు, ఎంత సమయం పడుతుంది అనేవి కూడా కలిపితేనే ఇంటి అసలు ఖర్చు తేలుతుంది.

ఈ ప్రాంతం వారికి బెంగళూరు తూర్పు వాకిలి కృష్ణరాజపురం, వాడుకలో కేఆర్ పురం. మదనపల్లె నుంచి చింతామణి, హోస్కోటె మీదుగా పోయే బస్సులు అటే నగరంలోకి ప్రవేశిస్తాయి. కుప్పం వారిది రైలుదారి. జోలార్‌పేట, బెంగళూరు కంటోన్మెంట్‌ల మధ్య 1864లో వేసిన మార్గం మీద కుప్పం ఉంది. ఆ దారిలో బంగారుపేట, మాలూరు దాటాక వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం స్టేషన్లు వస్తాయి. రెండు చోట్లా రైల్వే స్టేషన్‌కు దగ్గరలోనే మెట్రో స్టేషన్ ఉంది. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం మధ్య మెట్రో 2023 మార్చిలో మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో కేఆర్ పురాన్ని బైయప్పనహళ్ళితో కలిపాక, రైలు మారే పని లేకుండా మెజెస్టిక్ దాకా పోయే వీలు కలిగింది. శనివారం ఊరికి, సోమవారం తెల్లవారి పనికి వెళ్ళేవారికి అందుకే ఈ మార్గం అనుకూలం.

మెట్రో వచ్చినచోట బాడుగ పెరగడం మామూలే. అయితే పెరుగుదల అన్ని స్టేషన్ల దగ్గరా ఒక్క తీరుగా ఉండదు. లైను కొత్తగా వచ్చినచోట, త్వరలో వస్తుందన్నచోట ఓనర్లు రేపటి ధరను ఈ రోజే అడుగుతారు. సిల్క్‌బోర్డ్ నుంచి కేఆర్ పురం మీదుగా విమానాశ్రయానికి బ్లూ లైను కడుతున్నారు కాబట్టి కేఆర్ పురం చుట్టుపక్కల ఇది గమనించవలసిన విషయం. లైను వచ్చి పదేళ్ళు గడిచిన విజయనగర్, అత్తిగుప్పె లాంటి చోట్ల ఆ పెంపు చాలావరకు ఇప్పటికే బాడుగలో కలిసిపోయింది. అక్కడ మొదటి అంకె తక్కువేమీ కాకపోయినా, ఒక్కసారిగా ఎగబాకే అవకాశం తక్కువ.

ఇంటి తీరును బట్టి కూడా తేడా ఉంటుంది. ఈతకొలను, జిమ్ము ఉన్న పెద్ద సముదాయాల్లో ఫ్లాట్లు చాలావరకు పెట్టుబడికి కొన్నవే. బ్యాంకు కంతు కడుతున్న ఓనరు బాడుగ పెంచడానికి తొందరపడతాడు. హూడి, గరుడాచారపాళ్య లాంటి పాత పల్లెల సందుల్లో కింద తాము ఉంటూ పైఅంతస్తులు బాడుగకిచ్చే కుటుంబాలు ఉంటాయి. నెలనెలా సరిగా కట్టే మనిషి దొరికితే వారు వెయ్యి రూపాయల కోసం ఇల్లు ఖాళీ చేయించరు. ఇలాంటి ఇళ్ళు యాప్‌లలో అరుదుగా కనిపిస్తాయి. స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడకలో వీధులన్నీ తిరిగి టులెట్ బోర్డులు చూడటమే వాటిని పట్టే మార్గం. బ్రోకరు ఖర్చూ తప్పుతుంది.

పెంపు శాతం చిన్నదిగా కనిపించినా ఏళ్ళు గడిచేకొద్దీ తేడా తెలుస్తుంది. 20,000 రూపాయల బాడుగ ఏటా 5 శాతం పెరిగితే నాలుగో ఏడాది 23,152 అవుతుంది. 10 శాతం పెరిగితే 26,620. అంటే నెలకు దాదాపు 3,500 తేడా. దీనికి కనపడని ఖర్చులు తోడు. బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడగడం పాత అలవాటు. రెండు లక్షలు వడ్డీ లేకుండా ఓనరు దగ్గర ఉంటే, 6 శాతం లెక్కన నెలకు వెయ్యి రూపాయలు పోయినట్టే. మెయింటెనెన్సు మరొకటి. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరంలో చాలాచోట్ల ట్యాంకర్ల మీద ఆధారపడినప్పుడు, బాడుగ పెరగని ఇళ్ళలో కూడా నీటి ఖర్చు పెరిగింది. కాబట్టి ఇంటికి కావేరి నీళ్ళు వస్తాయా, బోరా, ట్యాంకరా అన్నది ముందే అడగాలి. ప్రయాణ ఖర్చూ స్థిరం కాదు. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది.

నెల బాడుగే లేని పద్ధతి లీజు. పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, గడువు తీరాక తిరిగి తీసుకుంటారు. పెంపు బెడద ఉండదు గానీ, ఇంటి మీద బ్యాంకు అప్పు ఉండి ఓనరు కట్టకపోతే అసలుకే మోసం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడకుండా లీజుకు దిగడం ప్రమాదం.

పెంపును అదుపులో పెట్టేది ప్రధానంగా అగ్రిమెంటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయాలి. దాన్ని తప్పించుకోవడానికే 11 నెలల అగ్రిమెంట్లు వాడుకలోకి వచ్చాయి. ఆ గడువు ముగిశాక ఓనరు ఎంతైనా అడగవచ్చు. కర్ణాటక బాడుగ చట్టం, 1999 బెంగళూరులో నెలకు 3,500 రూపాయలు మించిన ఇళ్ళకు వర్తించదు కాబట్టి దాని రక్షణ నేటి ఫ్లాట్లకు అందదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సును రెండు నెలల బాడుగకు పరిమితం చేసింది. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే పెంపుకు మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలంది. కానీ రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. కాలిఫోర్నియాలో 2020 నుంచి అమలవుతున్న చట్టం పదిహేనేళ్ళు దాటిన చాలా భవనాల్లో ఏడాది పెంపు 10 శాతం మించకూడదంటుంది. మన దగ్గర అలాంటి పరిమితి కాగితం మీదికి రావాలంటే బాడుగదారే రాయించుకోవాలి. గడువు పొడిగింపు, పెంపు శాతం, అడ్వాన్సు తిరిగిచ్చే గడువు, పెయింటింగ్‌కు పట్టుకునే మొత్తం, ఖాళీ చేయడానికి నోటీసు అనే ఐదూ అందులో ఉండాలి. పేరుపొందిన స్టేషన్ పక్కన ఇంటికి రెండేళ్ళ అగ్రిమెంటు రిజిస్టరు చేయించుకోవడం మేలు.

నగరంలో ఉండటమే భారమనుకునేవారికి రైలుమార్గమే ప్రత్యామ్నాయం. రైల్వే సీజన్ టికెట్లు 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు. కుప్పం నుంచి బెంగళూరు సుమారు 105 కిలోమీటర్లే. అయితే రోజుకు నాలుగు గంటలకు పైగా ప్రయాణంలోనే పోతుంది. మాలూరు, బంగారుపేటలలో కాపురం పెడితే నగరం కంటే తక్కువ బాడుగతో ఆ సమయంలో కొంత మిగులుతుంది. వైట్‌ఫీల్డ్‌లో దిగి మెట్రో ఎక్కవచ్చు.

పెంపు ఎక్కువని ఇల్లు మారేముందు ఒక లెక్క వేసుకోవాలి. 20,000 బాడుగ మీద 5 శాతానికి బదులు 10 శాతం ఒప్పుకుంటే ఏడాదికి అదనంగా పడేది 12,000. ఇల్లు మారితే పెయింటింగ్ పేరిట ఒక నెల బాడుగ, బ్రోకరుకు మరో నెల, సామాను బండి ఖర్చు కలిసి 40,000 దాటిపోతాయి. గడువుకు రెండు నెలల ముందే అదే వీధిలో టులెట్ ధరలు కనుక్కుని, వాటిని చూపి ఓనరుతో మాట్లాడటం చవకైన దారి. అది కుదరక, మారడానికయ్యే ఖర్చును రెండేళ్ళలో రాబట్టుకోగలిగేంత తేడా ఉన్నప్పుడే కొత్త ఇంటి వేట లాభం.