అయస్కాంతమునందలి యలలు



కాలువలో గడ వేసి నీటిని కదల్చినచో అల పుట్టి సాగిపోవును. నీరు ఉన్నచోటనే యూగును. కదలిక మాత్రమే ముందునకు పోవును. పోను పోను అల యెత్తు తగ్గి తుదకు నశించును. ఇట్టి యలలు అయస్కాంతమునందును గలవు.

ఇనుమువంటి పదార్థమున ఒక్కొక్క పరమాణువు ఒక చిన్న సూదంటురాయి వంటిది. ఒకటి బొంగరమువలె తూలినచో ప్రక్కదానిని తూలించును. ఆ తూలుడు వరుసగా సాగుటయే భ్రమణ తరంగము. దీనిని 1930లో ఫెలిక్సు బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు సిద్ధాంతముచే నిరూపించెను.

దీనివలన ప్రయోజనమేమి? కంప్యూటరులో విద్యుత్తు పారుటచే వేడి పుట్టి శక్తి వ్యర్థమగుచున్నది. ఈ యలలు విద్యుత్తు పారకయే వార్తను మోయగలవు. అయితే గమ్యము చేరకమునుపే అల నశించినచో ఫలమేమి? కావున నష్టమును కొలువవలెను.

అయస్కాంతపు పలుచని పొరపై రెండు సన్నని లోహపు తీగలు అమర్చెదరు. సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు దిశ మార్చు విద్యుత్తు మొదటి తీగలో అల పుట్టించును. రెండవది దానిని గ్రహించును. పట్టిన కాలమునుబట్టి వేగము తెలియును. కాని నష్టము ఒక్క కొలతచే తేలదు; తీగలు ఎంత యిచ్చినవో, ఎంత పుచ్చుకొన్నవో యెరుగము గదా! అందుచే అట్టి తీగలనే వేరువేరు దూరములలో నుంచి పోల్చెదరు. మిల్లీమీటరులో వేయవవంతు మైక్రాను. 5 మైక్రానుల దూరమున అల యెత్తు 8 పాళ్లును, 10 మైక్రానుల దూరమున 4 పాళ్లును ఉన్నచో, ప్రతి 5 మైక్రానులకు సగము నశించుచున్నదన్నమాట. అలతో పనిలేక తీగనుండి తీగకు నేరుగా దూకు సంకేతమును వేరుగా కొలిచి తీసివేయుదురు.

కాంతిచేతను కొలువవచ్చును. అలపై బడి చెదరిన కాంతి కంపనసంఖ్య కొంచెము మారును. కాంతి చెదరుటను గూర్చి 1940లో గ్రంథము వ్రాసిన సూరి భగవంతముగారు 1909లో జన్మించిన మనవారే.

ఇనుము, నికెలు కలిసిన పలుచని పొరలో అల కొన్ని మైక్రానులలోనే క్షీణించును. యిట్రియము, ఇనుము గల గార్నెట్టు దళసరి పొరలో మిల్లీమీటర్ల దూరము సాగును. శివారు పొలమునకు నీరందినప్పుడే కాలువ మంచిదందుము. ఈ పదార్థములకును అదియే పరీక్ష.