బిళ్లపై పేరుంది, ప్రభువు ఉన్నాడా?

క్రిస్మస్ తపాలా బిళ్లలు సేకరించేవారికి 1898 నాటి కెనడా రెండు సెంట్ల బిళ్ల ఎంతో ప్రియమైనది. దాని అడుగున "ఎక్స్‌మస్ 1898" అని ఉంటుంది. అయితే బొమ్మలో పశువుల తొట్టి లేదు. ప్రపంచ పటము, అందులో ఎర్రరంగుతో బ్రిటిష్ సామ్రాజ్యము! ఆ డిసెంబరు 25న సామ్రాజ్యములోని అనేక ప్రాంతాలకు తపాలా ధర తగ్గింది గనుక ఆ మాట వేశారు. అమెరికా తన మొదటి క్రిస్మస్ బిళ్లపై 1962లో ఆకుల దండ, కొవ్వొత్తులు ముద్రించింది. మరియ, శిశువైన యేసు 1966లో గాని కనబడలేదు.

కైసరు ఔగుస్తు ఆజ్ఞ లోకమంతటికీ వెళ్లింది. కాపరులకు దొరికిన ఆనవాలు మాత్రం తొట్టిలోని శిశువే. మన పండుగలో నక్షత్రము, కేకు, కొత్తబట్టలు ఉన్నవి. ఆ శిశువు ఉన్నాడా? లేక అడుగున పేరు మాత్రమేనా?