ఓఆర్‌ఎస్ రాయమని అడగండి

అపోహ: పరిశోధనలో రుజువైన వైద్యం తనంతట తానే ఊరూరికీ చేరుతుంది.

వాస్తవం: చేరదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో తలదాచుకున్న శరణార్థుల మధ్య కలరా ప్రబలింది. సెలైన్ నిల్వలు అడుగంటాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతే తాగించారు. ఓఆర్‌ఎస్ అంటే ఈ ద్రావణమే. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఇంత జరిగిన యాభై ఏళ్ల తర్వాత కూడా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది దాదాపు 61 శాతానికే. దాంతోపాటు ఇవ్వాల్సిన జింక్ అందినవారు మూడో వంతు కూడా లేరు.

అపోహ: ఓఆర్‌ఎస్ రాస్తే తల్లిదండ్రులు తృప్తి పడరు, ఇంకో డాక్టర్ని వెతుక్కుంటారు.

వాస్తవం: ఇది వైద్యుల్లో ఉన్న అపోహ. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే. కర్ణాటక, బీహార్‌లలో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి పరిశోధకులు తమ మనుషుల్ని బిడ్డకు విరేచనాలంటూ పంపారు. 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఓఆర్‌ఎస్ రాయకపోవడానికి సరుకు లేకపోవడం, వేరే మందులమ్మితే వచ్చే లాభం చాలా చిన్న కారణాలని తేలింది. ‘వీళ్లకు ఓఆర్‌ఎస్ అక్కర్లేదు’ అన్న వైద్యుల ఊహే ఓఆర్‌ఎస్ రాయకపోవడంలో దాదాపు 42 శాతానికి కారణం. నిజానికి దాన్ని కోరుకునే తల్లిదండ్రులు వైద్యులు అనుకునేదానికంటే చాలా ఎక్కువమంది. కాకపోతే నోరు తెరిచి అడగరు. అడిగినచోట రాసేవారి శాతం 27 పాయింట్లు పెరిగింది! పైసా ఖర్చు లేని మార్పు ఇది. మన ఆశా కార్యకర్తలు ప్రతి తల్లికీ ‘ఓఆర్‌ఎస్ రాయండి’ అన్న ఈ ఒక్క మాట నేర్పాలి.

అపోహ: విరేచనాలు ఆగలేదంటే ఓఆర్‌ఎస్ పనిచేయనట్టే.

వాస్తవం: దాని పని విరేచనాలు ఆపడం కాదు, పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపడం. ప్రాణం తీసేది ఆ నష్టమే. జింక్ మాత్రం విరేచనాలు తగ్గినా 10 నుంచి 14 రోజులు వేయాలి. తల్లిపాలు, తిండి మానకూడదు. బిడ్డ తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: పేరులో ఓఆర్‌ఎస్ ఉన్న ఏ డ్రింకైనా ఒకటే.

వాస్తవం: ఆ డ్రింకుల్లో కొన్నిటిలో చక్కెర ఎక్కువ, దానివల్ల విరేచనాలు ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసున్న పొడి కొనండి. ప్యాకెట్టు మీద చెప్పినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే పారబోసి, కొత్తగా కలుపుకోవాలి.